జో కూపర్ ఈ వారం ఎవరింట్లో?

"ముందు నేను పట్టుకున్నాను."

"ముందు నేను చూశాను."

"చూసినవాళ్లదే అయిపోతుందా? నేను రోజూ చంద్రుణ్ణి చూస్తున్నాను."

"అయితే వెళ్లి చంద్రుణ్ణి పట్టుకోండి. ఇది వదలండి."

ఆర్లో వాషెక్ వదల్లేదు. అట్ట ఊడిపోయిన ఆ పాత స్క్రాప్‌బుక్కు ఒక చివర అతని చేతిలో ఉంది. రెండో చివర సిటీ బస్సు డ్రైవరు యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి చేతిలో ఉంది. నల్లటి జుట్టుని గట్టిగా వెనక్కి లాగి ముడేసుకుంది. అంతకంటే గట్టిగా పుస్తకాన్ని పట్టుకుంది.

ఒహాయో రాష్ట్రం టొలీడోలో నదికి తూర్పున ఉన్న హంగేరియన్ల పేటలో, నా అన్నవాళ్లు లేని ఒక పెద్దాయన పోయాడు. ఆయన ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారు. బయట ఏప్రిల్ వాన. లోపల సూపు గిన్నెలూ కుట్టుమిషనూ పాత కోట్లూ బేరమాడే జనం. ఆర్లోకి వాటిలో ఏదీ అక్కర్లేదు. అతని పిచ్చి వేరు.

పందొమ్మిది వందల పది ప్రాంతాల్లో సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులు పెట్టి అమ్మేవాళ్లు. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దవి. ఒకవైపు రంగుల బొమ్మ, మరోవైపు సిగరెట్ ప్రకటన. తండ్రులు సిగరెట్లు కాల్చుకుని కార్డులు పిల్లలకి ఇచ్చేవాళ్లు. పిల్లలు మైదాపిండి జిగురుతో పుస్తకాలకి అంటించేవాళ్లు. ఇన్నేళ్ల తర్వాత ఆర్లోలాంటివాళ్లు వాటికోసం ఇదిగో, ఇలా కొట్టుకు చస్తున్నారు.

ఈ పుస్తకం ఆఖరి పేజీలో జో కూపర్ ఉన్నాడు. ఆ రోజుల్లో ఆ ఊరి జట్టుకి సెకండ్ బేస్ ఆడాడు. సీజను సగంలో వచ్చి చేరడంతో అతని కార్డు ఆలస్యంగా అచ్చయింది. బయటికొచ్చినవే తక్కువ, మిగిలినవి ఇంకా తక్కువ. ఒహాయో ఆటగాళ్లందరూ ఆర్లో దగ్గరున్నారు, ఈ ఒక్క మహానుభావుడు తప్ప. కాలేజీ రోజుల నుంచీ వెతుకుతున్నాడు.

"చూడండి," అన్నాడు ఆర్లో, గొంతులో మర్యాద నింపుకుని. "నా సెట్టులో ఇతనొక్కడే లేడు."

"నాకు మొత్తం ప్రపంచంలో ఇతనొక్కడే కావాలి," అంది ఆ అమ్మాయి.

అమ్మకం చూసుకుంటున్న లావుపాటావిడ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "పుస్తకం చిరిగిందంటే ఇద్దరి దగ్గరా పూర్తి ధర తీసుకుంటాను." ఆ ధరేమిటో కూడా చెప్పింది. ఆవిడకి కార్డుల సంగతి బాగానే తెలుసు.

ఇద్దరి మొహాలూ ఒకేసారి వాడిపోయాయి. ఆర్లో జేబులో ఉన్నది సగానికే సరిపోతుంది. అమ్మాయి పర్సులోనూ అంతే.

"కలిసి కొనుక్కోండి. మొగుడూ పెళ్లాలు కారు కొనుక్కోవడం లేదూ?"

"మేం మొగుడూ పెళ్లాలం కాదు!" అన్నారిద్దరూ.

"అవునా? పోట్లాట చూసి అనుకున్నాను," అంది ఆవిడ, డబ్బు అందుకుంటూ.

ఆ అమ్మాయి పేరు థియా కోవాచ్ అని ఆర్లోకి ఆమె ఇంటి మెట్లెక్కుతున్నప్పుడు తెలిసింది. బేకరీ పైన చిన్న వాటా. థియా వంటింట్లోకి వెళ్లి, పెద్ద సూపు పళ్లెం తీసి కుళాయి కింద పెట్టింది. తినడానికి ఏదో పెడుతోంది కాబోలు, మనిషి మరీ చెడ్డదేం కాదు అనుకున్నాడు ఆర్లో. ఆమె పేజీలోంచి కూపర్ ఉన్న ముక్కని కత్తిరించి, తీసుకెళ్లి ఆ నీళ్లలో వేసింది.

ఆర్లో పెట్టిన కేకకి కింద బేకరీవాళ్లు చీపురుకర్రతో పైకప్పు పొడిచారు.

"నీళ్లు! అవి నీళ్లు!"

"మరి సూపనుకున్నారా?"

"అది కాగితమండీ! ఎప్పటి కాగితం!"

"ఈ రంగులు నీళ్లకి కరగవు. జిగురే కరుగుతుంది. పాత కార్డులు ఇలాగే ఊడదీస్తారని మీకు తెలీదూ?"

"తెలుసు. చదివాను. చదవడం వేరు, కళ్లెదురుగా చూడటం వేరు!"

"కాన్పు గదిలోంచి మొగుళ్లని బయటికి పంపేది ఇందుకే. వెళ్లి మెట్ల మీద కూర్చోండి."

ఆర్లో వెళ్లలేదు. కుర్చీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి కార్డు అంచు ఒకటి పైకి లేచింది. థియా తడి వేలిని దాని కిందికి పోనిచ్చింది. ఊపిరి బిగబట్టింది. ఓహో, ఈవిడకీ భయమే అన్నమాట, అనుకున్నాడు ఆర్లో. ఎందుకో ఆ క్షణంలో కార్డు మీదినుంచి అతని చూపు ఆమె మొహం మీదికి వెళ్లింది. కార్డు కాగితాన్ని వదిలి నీళ్లలో తేలడం అతను చూడనే లేదు.

"ఏమిటలా చూస్తారు? అటు చూడండి, వచ్చేశాడు!"

నారింజరంగు ఆకాశం కింద, నీలం టోపీ పెట్టుకుని, రెండు చేతులూ చాచి ముందుకు వంగి ఉన్నాడు జో కూపర్. నిన్ననే అచ్చేసినట్టున్నాడు.

మిగతా కార్డులు పంచుకోవడం తేలిగ్గానే జరిగింది. కూపర్ దగ్గరే పేచీ వచ్చింది. చివరికి ఒక వారం అతని దగ్గర, ఒక వారం ఆమె దగ్గర అని ఒప్పందమైంది. విడాకులు తీసుకున్నవాళ్లు పిల్లాణ్ణి పంచుకున్నట్టు. చేతులు మారేది శనివారం, థియా నడిపే బస్సులో.

అక్కడినుంచీ ఆర్లో తల ప్రాణం తోకకి రావడం మొదలైంది.

అతను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాడు. అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే భోజనం సయించని మనిషి. అలాంటివాడు మొదటి శనివారం బస్సెక్కి, "కార్డేదండీ?" అంటే, థియా ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ, రెండో చేత్తో చొక్కా జేబులోంచి తీసి ఇచ్చింది. అదే జేబులో సగం తిన్న సాండ్‌విచ్ కూడా ఉంది.

"సాండ్‌విచ్ పక్కన పెట్టారా?!"

"జున్ను సాండ్‌విచ్. కరవదు."

"ఎండ తగలకూడదు. వేలు తగలకూడదు. మూడో మనిషి ముట్టుకోకూడదు. మనం అనుకున్నాం!"

"మీరనుకున్నారు. నేను విన్నాను. గాలి తగలొచ్చా, పాపం?"

వెనక సీట్లో టిఫిన్ డబ్బాతో కూర్చున్న ఒక లావుపాటాయన ముందుకు వంగాడు. "థియా, ఇతనేనా నీ కార్డు మొగుడు?"

"సగానికేనండీ, బాబాయ్," అంది థియా.

బస్సంతా నవ్వింది. ఆర్లో చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు ఇంటికెళ్లి భూతద్దం కింద కార్డుని అంగుళం అంగుళం పరీక్షించాడు. ఏ దెబ్బా లేదు. దానికి ఇంకా ఒళ్లు మండింది.

ఇంకో వారం థియానే మాట కదిపింది.

"ఇతను మా పేటవాడే, తెలుసా మీకు?"

"ఎవరు?"

"కూపర్. ఇంకెవరు? ఇతను హంగేరియన్."

"కాదండీ. పెన్సిల్వేనియా ఐరిష్‌వాడు. కార్డుల మీద వచ్చిన పుస్తకంలో ఉంది."

"పుస్తకం తప్పు."

"అది మూడో ముద్రణ!"

"అయితే మూడుసార్లు తప్పు."

"ఆధారం లేకుండా ఎవరుపడితే వాళ్లు మావాడంటే ఎలాగండీ? రేపు ఇంకెవరో వచ్చి మా మేనమామ అంటారు. వీటిని జాగ్రత్తగా అధ్యయనం చేసినవాళ్లు..."

బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది.

"మీ స్టాపు."

"నా స్టాపు ఇంకా చాలా దూరం."

"ఇవాళ్టికి ఇదే."

ఆర్లో వానలో నడిచి వెళ్లాడు. కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్ని పర్సులో పెట్టి, పర్సుని కోటు లోపల పెట్టుకుని, గొడుగు లేని మనిషి చెయ్యగలిగినంత జాగ్రత్త చేశాడు. దారి పొడుగునా ఆ అమ్మాయిని తిట్టుకున్నాడు. ఎంత శ్రద్ధగా తిట్టుకున్నాడంటే, ఇల్లు చేరేదాకా ఇంకే ఆలోచనా రాలేదు.

వాళ్లమ్మ ఫోన్ చేసింది. "ఏరా, శనివారం ఇచ్చిపుచ్చుకోవడం అన్నావు. మంగళవారం కూడా బస్సులో కనిపించావట. కార్డుకి జలుబు చేసిందా?"

"కుశలం కనుక్కుందామని వెళ్లానమ్మా."

"కార్డు కుశలమా?"

ఆర్లో ఫోన్ పెట్టేశాడు.

మే నెలలో ఒక శనివారం, చివరి స్టాపులో బస్సు నిలిపి ఉండగా పెద్ద వాన పట్టుకుంది. జనమంతా దిగిపోయారు. థియా ఇంజను ఆపి, జున్ను కలిపి చేసిన చిన్న చిన్న బిస్కట్ల పొట్లం విప్పింది. బస్సు పైకప్పు మీద వాన డప్పు కొడుతోంది.

"తిను. కార్డు ముట్టుకునే ముందు చేతులు తుడుచుకోమని నేనే చెబుతానులే, నువ్వు చెప్పక్కర్లేదు," అంది.

'మీరు' ఎక్కడ దిగిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

"నువ్వు బస్సు నడపడం ఎందుకు మొదలుపెట్టావు?"

"మా నాన్న నడిపేవాడు. నా చిన్నప్పుడు ఆయన వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిరిగేదాన్ని. నువ్వు కళ్లజోళ్లు ఎందుకు?"

"ఆరేళ్లప్పుడు మొదటిసారి కళ్లజోడు పెట్టారు. చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయని ఆ రోజే తెలిసింది. ఇంటికెళ్లనని ఏడ్చాను. చెట్టు కిందే ఉంటానన్నాను."

థియా నవ్వలేదు. ఎగతాళి చేస్తుందని బిగుసుకుని కూర్చున్న ఆర్లోకి ఏం చెయ్యాలో తోచలేదు. ఆమె అతనికేసి చూస్తూ ఉండిపోయింది. వాన తగ్గాక నవ్వింది, అదీ మెల్లగా.

ఆర్లో ఇంటికెళ్లి, స్నానం చేసి, పక్క మీద వాలాక గుర్తొచ్చింది. కార్డు తీసుకోవడం మరిచిపోయాడు. కాలేజీ రోజుల నుంచీ వెతికిన కార్డుని! లేచి కూర్చుని తన తల తనే మొట్టుకున్నాడు. మొట్టుకుంటూ నవ్వాడు. ఇంకోటి మొట్టుకున్నాడు.

ఇలాంటి సుఖం ఎక్కువ రోజులు నిలవదు. ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడు, భూతద్దం కింద కార్డు కింది అంచున ఇటుకరంగు మరక ఒకటి కనిపించింది. వాసన చూశాడు. పాప్రికా. హంగేరియన్ల వంటింట్లో ఉండే ఎర్రకారం.

"ఎవరు ముట్టుకున్నారు?" ఫోన్‌లో అతని గొంతు కీచుమంది.

"ఎవరైతే నీకేం?"

"నాకేమా? సగం నాది! ఎవరికి చూపిస్తున్నావు దీన్ని? కోడికూర వండుతూ చూపిస్తున్నావా?"

"నీకు చెప్పినా నమ్మవు ఆర్లో. పుస్తకంలో లేదంటావు."

"అంటే ఎవరో ఉన్నారన్నమాట!"

"ఉన్నారు," అంది థియా. ఫోన్ పెట్టేసింది.

మరక కోపం ఒకటి, ఆ 'ఉన్నారు' కోపం ఇంకొకటి. ఆ రెండోది ఎంత పెద్దదో ఆర్లో ఒప్పుకోలేదు. మర్నాడే పోస్టాఫీసుకి వెళ్లాడు. కార్డుల్ని పరీక్షించి, నాణ్యతకి ఒక నంబరు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో శాశ్వతంగా మూసి పంపే కంపెనీ ఒకటుంది. కూపర్ని అక్కడికి పంపేశాడు. పిల్లాడి మేలు కోరే తండ్రి హాస్టల్లో వేసినట్టే అని తనకి తను నచ్చజెప్పుకున్నాడు.

శనివారం బస్సెక్కేసరికి థియా చెయ్యి చాచింది. "ఈ వారం నాది."

"కార్డు భద్రంగా ఉంది."

"ఎక్కడ?"

"పోస్టులో. ప్లాస్టిక్‌లో మూసి పంపిస్తారు. ఇంక కారం అంటదు, ఎవరి చెయ్యీ తగలదు. అందరికీ మంచిది."

"ఎప్పుడొస్తుంది?"

"నెల పట్టొచ్చు. రెండు నెలలు కూడా."

ఆర్లో అరుపులకి సిద్ధపడి వచ్చాడు. సమాధానాలు కూడా తయారుగా పెట్టుకున్నాడు. థియా అరవలేదు. తర్వాతి స్టాపులో బస్సు ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి అలాగే కూర్చుంది. అద్దంలో ఆమె కళ్లు నిండి ఉన్నాయి.

"నువ్వు పోస్టులో వేసింది ఒక ముసలావిడ నాన్నని, ఆర్లో."

టిఫిన్ డబ్బా బాబాయ్ డబ్బా మూత మూసేశాడు.

"జో కూపర్ అసలు పేరు యోజెఫ్ కాదార్. కాదార్ అంటే మా భాషలో పీపాలు చేసేవాడు. ఇంగ్లీషులో కూపర్ అన్నా అదే. కూపర్ అని మార్చుకుంటే జట్టులో ఉండు, లేకపోతే ఫ్యాక్టరీకి పో అన్నారట. ఆయన కూతురు ఇల్కా నేనీ. మా పేటలో పెద్దమ్మలందరినీ మేం నేనీ అనే పిలుస్తాం. ఆవిడ పసిపిల్లగా ఉన్నప్పుడే ఆయన జ్వరాల్లో పోయాడు. వాళ్లమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ రెండో ఆయన ఇంట్లో ఒక్క ఫోటో మిగల్చలేదు. ఎనభై దాటిన మనిషికి తన తండ్రి మొహం ఎలా ఉంటుందో తెలీదు."

"థియా..."

"ఆగు. ఇప్పుడావిడ కళ్లు పోతున్నాయి. చూపు నడిమధ్య మచ్చలా కమ్ముకుంటోంది. వారం వారం పెరుగుతోంది. కిటికీ దగ్గర కూర్చుని, తల పక్కకి తిప్పి, కంటి కొసతో కాస్త కాస్తగా చూసుకుంటోంది. ఆ మరక ఆవిడ వేలిది. రెండు నెలలకి ఆవిడకి ఎంత చూపు మిగులుతుందో నువ్వే చెప్పు. నీ వృత్తేగా."

ఆర్లో ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. "ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను. మూడో ముద్రణ అన్నావు."

టిఫిన్ డబ్బా బాబాయ్ గట్టిగా నిట్టూర్చాడు. ఆర్లో దిగిపోయాడు. ఈసారి దిగమని ఎవరూ అనలేదు.

ఆ తర్వాత అతను కంపెనీకి ఎన్ని ఫోన్లు చేశాడో లెక్కలేదు. మూయకండి, తిరిగి పంపేయండి అన్నాడు. వరసలో ఉందండీ, మీకంటే ముందు చాలామంది ఉన్నారండీ అన్నారు వాళ్లు. శనివారాలు మాత్రం మానకుండా బస్సెక్కాడు. థియా అతనితో రెండే మాటలు మాట్లాడేది: "ముందుకి జరగండి." మళ్లీ 'అండి' వచ్చేసింది. అది చెంపదెబ్బకంటే ఎక్కువ తగిలింది.

జూన్ చివర్లో పార్సెల్ వచ్చింది. ఆర్లో విప్పి చూసి, దాన్ని పట్టుకుని పరుగున వెళ్లి బస్సెక్కాడు.

"వచ్చాడు," అన్నాడు రొప్పుతూ.

థియా అతనికేసి చూసింది. "డ్యూటీ అయ్యేదాకా కూర్చో."

ఆ 'కూర్చో'కి ఆర్లో ఊరంతా తిరిగొచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడు.

ఇల్కా నేనీది చర్చి వెనక పసుపురంగు ఇల్లు. పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. ఆవిడ పిండి చేతుల్ని ఏప్రన్‌కి తుడుచుకుని, తల పక్కకి వంచి ఆర్లోని ఎగాదిగా చూసింది.

"మా నాన్నని పోస్టులో వేసినవాడు ఇతనేనా?"

"అవునండీ. క్షమించండి."

"స్టాంపులు సరిపడా అంటించావా, నాయనా?"

"అంటించానండీ," అన్నాడు ఆర్లో, నవ్వాలో ఏడవాలో తెలియక.

ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. ఆర్లో ప్లాస్టిక్ పెట్టె చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని మొహం దగ్గరికి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"కిటికీ కనిపిస్తోంది. పైన బల్బు కనిపిస్తోంది. మా నాన్నేడీ?"

ఆర్లో కర్టెన్ మూసి బల్బు ఆర్పాడు. చీకటైంది. కర్టెన్ సగం తెరిచాడు. ప్లాస్టిక్ మీద తెల్లటి మెరుపు. జేబులో ఎప్పుడూ ఉండే దీపం ఉన్న భూతద్దం పెట్టి చూశాడు. మెరుపు రెట్టింపైంది. కుర్చీ జరిపాడు, నేనీని జరిపాడు, చివరికి దుప్పటి పట్టుకుని కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. నేనీ ఓపిగ్గా తల తిప్పుతూనే ఉంది. కాసేపటికి పెట్టెని ఒళ్లో పెట్టుకుంది.

"పోనీలే నాయనా. ఉన్నాడుగా లోపల. చాలు."

ఆ 'చాలు' విన్నాక ఆర్లో దుప్పటి కింద పడేశాడు.

"నేనీ, మీ ఇంట్లో కటింగ్ ప్లయర్ ఉందా?"

థియా అడుగు ముందుకి వేసింది. "ఆర్లో, వద్దు. అది విరగ్గొడితే నంబరు పోతుంది. మూల దెబ్బ తిన్నదంటే..."

"తెలుసు."

"నీకు ప్రాణం కదా అది!"

"తెలుసన్నానుగా! నువ్వు మాట్లాడితే నా చెయ్యి వణుకుతుంది."

పెట్టె మూలని ప్లయర్‌తో పట్టుకుని, కళ్లు మూసుకుని నొక్కాడు. ఫట్‌మంది. ఒక ముక్క ఎగిరి వెళ్లి పొయ్యి మీది గిన్నెలో పడింది. "నా కోడికూర!" అని నేనీ, "నా కార్డు!" అని ఆర్లో ఒకేసారి అరిచారు. థియా గరిటె అందుకుని ముక్క కోసం వెతికింది. ఆర్లో రెండో మూల కూడా విరిచి, పెట్టె రెండు పలకలుగా విడదీశాడు. కార్డు బయటికొచ్చింది. పై మూల రవ్వంత వంగింది. రవ్వంతే. అది చూసి అతని లోపల ఏదో మూలిగింది. అయినా దాన్ని తీసుకెళ్లి ఆ పిండి వేళ్లలోనే పెట్టాడు.

నేనీ కార్డుని కంటి కొసకి దగ్గరగా పట్టుకుంది.

"మొన్నటిదాకా టోపీ చూశాను," అంది నెమ్మదిగా. "చేతులు చూశాను. మొహం దగ్గరికి వచ్చేసరికి వెలుతురు అయిపోయేది." ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. "చెవులు! థియా, ఇవి నా చెవులే. చిన్నప్పుడు మా అమ్మ జుట్టంతా చెవుల మీదికి లాగి దువ్వేది. కనపడనిచ్చేది కాదు. ఎందుకమ్మా అంటే చెప్పేది కాదు."

ఆవిడ తన చెవి తడుముకుంది. మళ్లీ కార్డు తడిమింది. తర్వాత దాన్ని పెదవులకి ఆనించి గట్టిగా ముద్దు పెట్టుకుంది.

తడి! అనుకున్నాడు ఆర్లో అలవాటుకొద్దీ. ఆ తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

"నేనీ," అన్నాడు. "ఈ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి." అనేశాక థియావైపు తిరిగాడు. "నా సగం ఇస్తున్నాను. నీ సగం..."

థియా గరిటె పట్టుకునే తలూపింది.

"మరి నీ సెట్టు, నాయనా?"

"ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఎవరైనా అడిగితే, కూపర్ వాళ్లమ్మాయి దగ్గర ఉన్నాడని చెబుతాను."

వాళ్లిద్దరూ వరండాలోకి వచ్చేసరికి వాన మొదలైంది. మెట్ల దగ్గర నిలబడ్డారు. ఎవరూ దిగలేదు.

"వచ్చే శనివారం..." అన్నాడు ఆర్లో.

"కార్డు లేదుగా."

"లేదు."

"అయితే నువ్వు బస్సెక్కక్కర్లేదు."

"అక్కర్లేదు." కాసేపు వానని చూశాడు. "నాకు కారుంది, అసలు."

"తెలుసు. మే నెల నుంచీ ప్రతి శనివారం దాన్ని నా చివరి స్టాపులో పెట్టి, వెనక్కి నడిచెళ్లి బస్సెక్కేవాడివి. అద్దంలో కనిపించేది."

ఆర్లోకి భూమి చీలితే బావుణ్ణనిపించింది. "మరి అడగలేదే?"

"డ్రైవర్‌తో మాట్లాడరాదు అని బోర్డుంది కదా. నువ్వే ఏదో ఒకటి చెబుతావేమో అని చూశాను. చూసి చూసి నా కళ్లు కూడా పోయేట్టున్నాయి."

"థియా, నేను చెప్పాలనుకున్నదేంటంటే... కార్డులు పోగేసేవాడికి జీవితంలో..."

"నన్ను కార్డుతో పోల్చావంటే వానలోకి తోసేస్తాను."

ఆర్లో నోరు మూసుకున్నాడు. సిద్ధం చేసుకున్న మాటలన్నీ అవే.

"ఇంక నా దగ్గర మాటల్లేవు," అన్నాడు దిగులుగా.

"ఉన్నవాటితో చెప్పు."

అతను ఆలోచించాడు. వాన జల్లు కళ్లజోడు మీద పడుతోంది. ఆమె మొహం చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది.

"శనివారాలు చాలడం లేదు," అన్నాడు.

థియా అతనికేసి తిరిగింది. "ఇంత చిన్న మాటకి వసంతమంతా తినేశావు కదయ్యా!" అంది.

వెనక కిటికీ దబ్బున తెరుచుకుంది.

"ముద్దు పెట్టుకునేవాళ్లు పెట్టుకోండి, తినేవాళ్లు లోపలికి రండి! కూర చల్లారిపోతోంది. నాకు కళ్లే సరిగ్గా లేవు, చెవులు భేషుగ్గా ఉన్నాయి. అవెక్కణ్ణుంచి వచ్చాయో కూడా తెలిసింది ఇవాళ!"

"నేనీ!" అంది థియా తల పట్టుకుని. "ఈ పేటలో ఒక్క పని ప్రశాంతంగా చేసుకోనివ్వరు."

"ఒక్క నిమిషం. కళ్లజోడు తుడుచుకుని..." అన్నాడు ఆర్లో, జేబులో గుడ్డ కోసం వెతుకుతూ.

థియా ఆ కళ్లజోడు తీసి తన చొక్కా జేబులో పడేసింది.

"వేలిముద్రలు పడతాయి!"

"పడనీ," అంది దగ్గరికి వస్తూ.

కూర నిజంగానే చల్లారిపోయింది. నేనీ దాన్ని మళ్లీ వేడిచేసి పెడుతూ ఇద్దరినీ సమానంగా తిట్టింది.